దిగిన

గ్లోరీ టీచర్‌కు ఒక జబ్బుందని గుట్టల క్లబ్బులో అందరూ నవ్వుకునేవారు. ఆదివారం గుట్టలెక్కి దిగి, ఎవరిళ్లకు వాళ్లు పోయాక కూడా ఆమెకు ఆ రోజు ముగియదు. ఫోన్ ఎదురుగా పెట్టుకుని కూర్చుంటుంది. వెంట వచ్చిన ప్రతి ఒక్కరూ ఇంటికి చేరగానే క్లబ్బు గ్రూపులో "దిగిన" అని పెట్టాలి. పెట్టనివాళ్లకు ఫోన్ వెళ్తుంది. అన్నం ముందు కూర్చున్నా సరే, తలంటుకుంటున్నా సరే, ఎత్తక తప్పదు. "బస్సు దిగిన, ఇల్లు జేరిన, తిన్న, పన్న. ఇంగ ఇడిసిపెట్టు టీచర్" అని బ్యాంకులో పనిచేసే మంజులత ఒకసారి గ్రూపులోనే ఏడిపించింది. గ్లోరీ నవ్వింది గానీ మానలేదు.

ఆ మాట మీద ఆమెకు మమకారం. పుస్తకాల్లో "దిగాను" అని రాస్తారు. నల్లగొండ మనిషికి అంత తీరిక లేదు. బస్సు దిగినా, గుట్ట దిగినా, బావిలోకి దిగినా "దిగిన" అనేసి తన పని తాను చూసుకుంటాడు. ఆ మాట ఒక్కొక్కరి పేరు కింద కనబడుతుంటే గ్లోరీకి ఒక్కో ప్రాణం లెక్కన ఊపిరి తిరిగి వచ్చేది.

అందుకే తాడు మాటలు మార్చాల్సి వచ్చినప్పుడు ఆమెకు మొదట తట్టింది అదే. క్లబ్బు పెట్టిన కొత్తలో బండలెక్కడం నేర్పడానికి వచ్చిన శిక్షకుడు కేకలన్నీ ఇంగ్లీషులో నేర్పిపోయాడు. మైదానంలో అందరూ గడగడా అప్పజెప్పారు. బండ మీద కాళ్లు వణికే వేళకు ఒక్కరికీ ఒక్క మాట గుర్తు రాలేదు. తాడు బిగించమనాల్సిన చోట మంజులత వదలమని అరిచి, మోకాలి చిప్ప పగలగొట్టుకున్నంత పని చేసింది. ఆ తరువాత క్లబ్బు సభ్యుడైన బషీర్ టార్పాలిన్ల దుకాణంలో కూర్చుని, చాయ్ మీద చాయ్ తాగుతూ, క్లబ్బు వాళ్లంతా కొత్త మాటలు ఖాయం చేశారు. తాడు బిగించాలంటే "గుంజు". వదులు చేయాలంటే "ఇడువు". కిందికి చేరి నడుము దగ్గర తాడు విప్పుకున్నాక "దిగిన". పైన తాడు పట్టిన మనిషి విన్నట్టు గుర్తుగా "సరే" అనాలి. అంతే.

"మన నోట్ల నానిన మాట పానం మీదికొచ్చినా మర్వం," అంది గ్లోరీ. అందరూ చప్పట్లు కొట్టారు. వ్యాయామం నేర్పే టీచరుగా చేరిన కొత్తలో, తోటి పంతుళ్లు పిల్లల ముందే ఆమె మాటను దిద్దిన రోజులున్నాయి. కాబట్టి ఆ చప్పట్లు ఆమెకు కొంచెం ఎక్కువ తియ్యగానే వినిపించాయి. ఆ కేకల్లో లోపముంటుందని ఎవరికీ తోచలేదు. ఆమెకు అసలే తోచలేదు.

ఈసారి అమ్రాబాద్ అడవికి పోదామనుకున్నారు. అనుమతి ఆలస్యమయ్యేట్టు ఉండడంతో గ్లోరీ దేవరకొండ దారిలో ఉన్న గద్దబండను ఎంచుకుంది. గుట్ట నడకంటే సంచి తగిలించుకుని బయల్దేరడమే అనుకునేవాళ్లు ఆమెతో ఒకసారి ఏర్పాట్లకు కూర్చుంటే చాలు, ఆ భ్రమ పోతుంది. ముందు ఆదివారమే బషీర్‌ను వెంటబెట్టుకుని వెళ్లి, బండంతా తడిమి చూసి వచ్చింది. పైకి పోవడానికి వెనక నుంచి మేకల దారి ఉంది. నీళ్లు దొరకవు, మోసుకుపోవాలి. పక్క బండకు పెద్ద తేనెపెర వేలాడుతోంది, కాబట్టి అత్తరు బంద్, పొగ బంద్, విజిళ్లు కూడా బంద్. కేక వేసినా ఒక్క మాటలో ముగించాలి.

దిగే చోటు మాత్రం ఇద్దరికీ నచ్చింది. పైనుంచి ఏటవాలుగా వచ్చిన బండ నడుమ పొట్టలా ఉబ్బి ఉంటుంది. ఆ పొట్ట కింద మనిషి నిలబడేంత తిన్నె. తిన్నె కింద రెండు తాటిచెట్లంత నిలువు.

"పైకెల్లి చూస్తే పొట్ట కింద ఏం కనపడ్తలేదు మేడం," అన్నాడు బషీర్.

"కనపడకుంటేంది భాయ్, వినపడ్తది గద," అంది గ్లోరీ.

బషీర్ సరేనన్నాడు. తాళ్లు, ముడులు, కొలతలు ఆయనకు బతుకుతెరువులో భాగం. మాటల సంగతి గ్లోరీకి వదిలేశాడు.

అన్నీ కుదిరాక ఒకటే మిగిలింది. బషీర్ కూతురు ఇఫ్రా తనూ వస్తానంది. డిగ్రీ చదువుతున్న పిల్ల. ఒకప్పుడు గ్లోరీ దగ్గరే ఖోఖో నేర్చుకుంది. తల్లి దిల్షాద్ ససేమిరా అంది. మొగుడు ప్రతి ఆదివారం గుట్టలు పట్టుకు తిరగడమే ఆమెకు గిట్టదు. ఉన్న ఒక్క బిడ్డను కూడా బండ మీద నుంచి వేలాడదీస్తామంటే ఏ తల్లి ఒప్పుకుంటుంది? గ్లోరీ స్వయంగా వాళ్లింటికి వెళ్లింది.

"తాడు తెగితే ఏంది?" అంది దిల్షాద్. చాయ్ ఇచ్చింది గానీ కూర్చోలేదు.

"తెగదు ఆపా. లారీని కట్టి గుంజినా తెగదు."

"తాడు సంగతి గాదు. పట్టుకున్నోళ్లు ఇడిసిపెడ్తే?"

"పట్టుకునేది నేనే. నా చేతిలకెల్లి తాడు పోదు. నా మాట నమ్ము."

తలుపు పక్కన నిలబడ్డ ఇఫ్రా తల్లి ముఖం వైపు చూసింది. చివరికి తల్లి పెదవి విరిచి, "నీ ముఖం చూసి పంపుతున్న. క్లబ్బు ముఖం చూసి గాదు," అంది. గ్లోరీకి ఆ మాట బిరుదులా అనిపించింది. మెట్లు దిగుతూ లోలోపల మురిసిపోయింది.

ఆదివారం పొద్దున్నే వ్యాను వచ్చింది. అందరూ ఎగబడి ఎక్కి కిటికీల దగ్గర సీట్లు పట్టుకున్నారు. ఇఫ్రా మాత్రం తలుపు దగ్గర ఆగి, "ఎక్కనా టీచర్?" అంది. ఆ పిల్ల అంతే. బడిలో ఉన్నప్పుడు "రానా టీచర్, కూసోనా టీచర్, నీళ్లు తాగనా టీచర్" అని ప్రాణం తీసేది. దిల్షాద్ పెంపకం అది. పెద్దవాళ్లను అడగకుండా అడుగు వేయదు.

"ఎక్కు తల్లీ. వ్యాను ఎక్కనీకి గూడ పర్మిషనా?" అని గ్లోరీ ఏడిపించింది. వ్యానంతా నవ్వింది. ఇఫ్రా కూడా సిగ్గుపడుతూ నవ్వింది.

గద్దబండ దగ్గరికి చేరేసరికి ఎండ ఇంకా పదునెక్కలేదు. బషీర్ బండ కింద నిలబడ్డాడు, దిగినవాళ్లను అందుకోవడానికి. మిగతావాళ్లను మేకల దారిన పైకి తీసుకెళ్లింది గ్లోరీ. పైన ఇల్లంత గుండు ఒకటుంది. దానికి పట్టీ చుట్టి, తనను తాను కట్టుకుని, తాడును ఇనుప ఎనిమిదిలో వేసింది. ఎనిమిది అంకెలా ఉండే ఆ పరికరాన్ని క్లబ్బులో ఎనిమిది అనే పిలుస్తారు. తాడు దానిలో ఉన్నంతసేపు ఒంటిచేత్తో మనిషి బరువును ఆపవచ్చు. తాడు దానిలో లేకపోతే, ఇక మనిషికీ నేలకూ మధ్య ఏమీ లేనట్టే.

మొదట దిగిన ఇద్దరూ తిన్నె మీద ఆగనే లేదు. నేరుగా కిందికి పోయారు. "దిగిన" అని కేక వచ్చింది. "సరే" అంది గ్లోరీ. ఎనిమిదిలోంచి తాడు తీసి, చకచకా పైకి లాగి, తరువాతి వాళ్లకు కట్టింది. పని ఎంత నున్నగా సాగుతోందంటే ఆమెకు తన ఏర్పాట్ల మీద గర్వం కూడా కలిగింది.

మూడోది ఇఫ్రా. గ్లోరీ ఆమె నడుము ముడిని ఒకసారికి రెండుసార్లు గుంజి చూసింది.

"దిగనా టీచర్?"

"దిగు బిడ్డ. కాళ్లు దూరం పెట్టు. కిందికి చూడకు."

పిల్ల వెనక్కి వాలి, ఒక్కో అడుగే వేస్తూ, పొట్ట అంచు దగ్గర ఒకసారి తలెత్తి నవ్వి, కిందికి మాయమైంది. తాడు గ్లోరీ చేతుల్లోంచి మెల్లగా జారుతోంది. కొంతసేపటికి జారడం ఆగింది. బరువు పోయి తాడు వదులైంది. ఈదురుగాలి రివ్వున వచ్చింది. గాలి తగ్గుతుండగా కింది నుంచి సన్నగా కేక.

"దిగి... న!"

"సరే!" అని గట్టిగా అంది గ్లోరీ. తాడు ఎనిమిదిలోంచి తీసేసింది. అప్పుడే పక్కన వంతు కోసం నిలబడ్డ మంజులత, "టీచర్, ఈ హెల్మెట్ పట్టీ పడ్తలేదు, జర చూడు," అంది. గ్లోరీ ఆ పట్టీ వైపు చూస్తూనే రెండు చేతులా తాడు పైకి లాగింది. రెండు బారలు తేలిగ్గా వచ్చింది. మూడో బారకు ఆగింది.

రాయికి తట్టుకుందేమో అనుకుంది. అప్పుడు కనబడింది. తాడుకు సరిగ్గా నడుమ ఎర్ర టేపు చుట్టి ఉంటుంది. మనిషి నేలకు చేరితే ఆ టేపు ఎప్పుడో అంచు దాటి పోయి ఉండాలి. అది ఆమె మోకాలి పక్కనే ఉంది.

పిల్ల ఇంకా తిన్నె మీదే ఉంది. అది "దిగిన" కాదు. "దిగనా". ఎక్కనా, కూసోనా, నీళ్లు తాగనా అన్నట్టే, తిన్నె మీద నిలబడి, ఇక్కడి నుంచి కిందికి దిగనా అని టీచర్‌ను అడిగింది. టీచర్ సరే అంది.

తాడు ఏ ఆధారమూ లేకుండా ఉత్త చేతుల్లో ఉంది.

ఆలోచించే వ్యవధి లేదు. తాడును వీపు వెనక నుంచి తిప్పి నడుముకు చుట్టి, కూలబడి, ఎదురుగా ఉన్న రాతి గట్టుకు రెండు కాళ్లూ తన్నిపెట్టింది. అదే క్షణాన బరువు పడింది. తాడు అరచేతుల్లోంచి సర్రున జారింది. తోలు లేచిపోతున్నట్టు తెలుస్తూనే ఉంది. వదిలితే? ఆ ఆలోచన కూడా రానివ్వలేదు. పళ్లు బిగించి, ఒంటిని విల్లులా వంచి పట్టుకుంది. ఒక మూరెడు జారి తాడు ఆగింది. నడుము తెగిపోతుందేమో అనిపించింది.

కింది నుంచి బషీర్ గొంతు వినబడింది. "షాబాష్ బేటా!"

ఆయనకేం తెలుసు? కూతురు అడగడం విన్నాడు, టీచర్ సరే అనడం విన్నాడు, కూతురు వెనక్కి వాలడం చూశాడు. కింది నుంచి చూస్తే అంతా పద్ధతిగానే ఉంది. లోకంలో ఆ సంగతి తెలిసింది గ్లోరీ ఒక్కదానికే.

"టీచర్! తాడు జారింది టీచర్!" అని అరిచింది ఇఫ్రా.

ఏమని అరవాలి? ఒక్క మాట. ఏ మాట అన్నా గాలి దాన్ని ఏం చేస్తుందో తెలియదు. ఇందాకటి దాకా తనవని మురిసిపోయిన మాటలన్నీ ఇప్పుడు భయపెట్టాయి. తేనెటీగలు లేస్తే లేవనీ అనుకుంది.

"ఇఫ్రా! నేను గ్లోరీని! తిన్నె మీదికి రా! తిన్నె మీద నిలబడు!"

కింది నుంచి మెల్లగా జవాబు వచ్చింది.

"నిలబడనా టీచర్?"

"నిలబడు!" ఆమె గొంతు చీరుకుపోయింది. "బండ పట్టుకోని నిలబడు! దిగకు! నేను మల్ల నీ పేరు పిలిచేదాక అడుగెయ్యకు!"

బరువు కొంచెం కొంచెంగా తగ్గింది. తాడు వదులైంది. చేతులు మాత్రం తెరుచుకోలేదు. తెరవమని చెప్పినా వినలేదు.

"మంజులతా. ఆ ఎనిమిది పట్టుకో. తాడు అండ్ల ఎయ్యి."

మంజులతకు అప్పటికి అర్థమైంది. తాడు మడిచి ఎనిమిదిలో వేసి, కొక్కెం తగిలించి, మర బిగించింది. గ్లోరీ కళ్లతో రెండుసార్లు చూసుకుంది. అప్పుడు గానీ నడుముకు చుట్టిన తాడు విప్పలేదు. మంజులత తన చున్నీ తీసి ఆమె కుడి అరచేతికి చుట్టింది. నెత్తురు దానిలోంచి కూడా ఊరింది.

"ఇఫ్రా! ఇప్పుడు దిగు!"

తాడు మళ్లీ కదిలింది. ఎర్ర టేపు మెల్లగా పాకి అంచు దాటింది. బరువు పోయింది. "దిగిన" అని వినబడింది. ఈసారి గ్లోరీ సరే అనలేదు. అనలేకపోయింది.

"బషీర్ భాయ్! పిల్ల ఏడుంది?"

"నా పక్కన్నే ఉంది మేడం! నా చెయ్యి పట్టుకోని ఉంది!"

అది విన్నాక తాడు తీసింది.

మిగతావాళ్లందరూ మేకల దారినే దిగాలని చెప్పింది. కొందరు గొణిగారు. తాళ్లు మోసుకొచ్చి, నీళ్లు మోసుకొచ్చి, ఇద్దరు ముగ్గురి కోసమా ఇదంతా అన్నారు. గ్లోరీ చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడింది. అందరూ కదిలాక మంజులత దగ్గరికి వచ్చింది.

"టీచర్, ఎవ్వరికి తెల్వదు. నేనైతే చెప్ప. పిల్ల మంచిగనే ఉంది గద."

ఆ మాటలో ఎంత సుఖముందో గ్లోరీకి తెలిసింది. చేతులకు తాడు ఒరుసుకుందంటే సరిపోతుంది. గుట్టలెక్కేవాళ్లకు అరచేతులు గీసుకుపోవడం వింత కాదు. క్లబ్బు నిలబడుతుంది, దిల్షాద్ ముందు ముఖం నిలబడుతుంది. దారంతా ఆ ఆలోచన ఆమె వెంటే దిగింది.

కింద ఇఫ్రా పరుగెత్తుకొచ్చి వాటేసుకుంది. ముఖం వెలిగిపోతోంది. మధ్యలో జారినప్పుడు పానం పోయిందనుకున్నానని, టీచర్ పట్టుకుంది కాబట్టి బతికానని అందరికీ చెప్పుకుంటోంది.

"ఇంకోపారి దిగనా టీచర్?"

గ్లోరీ ఆ పిల్ల తలను ఛాతీకి హత్తుకుని, "ఇయ్యాల చాలు బిడ్డ," అని మాత్రం అనగలిగింది.

నల్లగొండ చేరేసరికి పొద్దు వాలింది. వ్యాను బషీర్ ఇంటి ముందు ఆగగానే గ్లోరీ కూడా దిగింది. దిల్షాద్ గుమ్మంలోనే ఉంది. బిడ్డను తల నుంచి కాలిదాకా తడిమి చూసుకుంది. తరువాత గ్లోరీ వైపు తిరిగి, మొదటిసారిగా నవ్వింది.

"మాట నిలబెట్టుకున్నవ్. తాడు నీ చేతిలనే ఉండె గద?"

గ్లోరీ చేతికి చుట్టిన చున్నీ విప్పి రెండు అరచేతులూ ముందుకు చాచింది.

"ఉండె ఆపా. జరసేపు... ఉత్త చేతులల్ల ఉండె. ఇఫ్రా దిగనా అన్నది. నాకు దిగిన అని వినపడ్డది. సరే అని తాడు తీసేసిన. తప్పు నాదే. తర్వాత తెలుసుకోని పట్టుకున్న. ఇంగ జర ఆలస్యమైతే..."

మిగతాది అనాల్సిన అవసరం లేకపోయింది. బషీర్ మెట్టు మీద కూలబడ్డాడు. "నేను గప్పుడు షాబాష్ అన్న," అన్నాడు తనలో తాను. "నా బిడ్డ పడుతాంటె షాబాష్ అన్న." దిల్షాద్ బిడ్డ చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లింది. తలుపు మూసుకుంది.

గ్లోరీ ఇంటికి వచ్చి మంచం మీద కూర్చుంది. చేతులకు మందు రాసుకుంది. ఫోన్ ఎదురుగా పెట్టుకోవడం అలవాటు కొద్దీ జరిగిపోయింది. ఒకటొకటిగా వస్తున్నాయి. దిగిన. దిగిన. మంజులత, దిగిన. ఎప్పుడూ ఊపిరినిచ్చే మాట ఇప్పుడు వచ్చినప్పుడల్లా అరచేతులు మండుతున్నాయి. ఇఫ్రా పేరు రాలేదు. వస్తుందని ఆమె అనుకోనూ లేదు.

మిగతావన్నీ వచ్చేశాక ఫోన్ మోగింది. దిల్షాద్.

"ఆపా," అంది గ్లోరీ. అవతల వంటింట్లో గిన్నె పెట్టిన చప్పుడు.

"ఇఫ్రా చెప్పింది," అంది దిల్షాద్. "అందరిని ఇల్లు జేరిండ్రా అని నువ్వు అడుగుతవంట. నిన్ను అడిగేటోళ్లు లేరంట."

గ్లోరీ ఫోన్‌ను రెండో చెవికి మార్చుకుంది.

"చూడు, నా కోపం పోలే. పోతదని గూడ అనుకోకు. బిడ్డను మల్ల పంపుతనా పంపనా నాకే తెల్వదు. అది వేరే ముచ్చట." ఆగింది. "నువ్వు దిగినవా?"

ఆ ప్రశ్నకు ఈ ఊళ్లో జవాబు ఒక్కటే. అది గ్లోరీ నాలుక చివరిదాకా వచ్చింది. అక్కడే ఆపేసుకుంది.

"నేను మా ఇంట్ల ఉన్న ఆపా. మంచం మీద కూసున్న. తలుపేసిన. చేతులకు మందు పెట్టుకున్న."

అవతల ఒక నిట్టూర్పు.

"సరే," అంది దిల్షాద్.

పొద్దుటి నుంచి ఆపుకున్న ఏడుపు గ్లోరీకి ఆ మాటతో వచ్చింది.